దూరం నడవాలి: ఫోను మ్యాపు ఒక్కటే చాలా, ఇంకేమైనా వెంట ఉండాలా?

వెళ్లాల్సిన చోటు కొట్టి, నడిచే మనిషి బొమ్మ నొక్కితే చాలు, తెర మీద చుక్కల దారి వచ్చేస్తుంది. రెండు మూడు కిలోమీటర్ల నడకకు ఇంతకు మించి ఆలోచించక్కర్లేదు. నడక ఇరవై కిలోమీటర్లు దాటినా, నాలుగైదు రోజులు సాగినా, రోడ్డు వదిలి కాలిబాట పట్టినా లెక్క మారిపోతుంది. బండి మీద వెళ్తూ దారి తప్పితే పోయేది కాసేపు, కాస్త పెట్రోలు. నడుస్తూ తప్పితే పోయేది కాళ్లు. రెండు కిలోమీటర్లు తప్పుదారిలో వెళ్లి వెనక్కి వస్తే నాలుగు కిలోమీటర్లు అదనం. పొద్దున్నే అయితే నవ్వుకుంటాం. పొద్దు వాలాక నవ్వు రాదు.

“ఏ యాప్ మంచిది?” అని అడిగేవాళ్లే ఎక్కువ. దానికి జవాబు కింద చెప్తాను. కానీ అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: నేను నమ్ముకున్నది మధ్యలో ఆగిపోతే నా చేతిలో ఏం మిగులుతుంది? ఒకే ఫోనులో మూడు మ్యాపు యాప్‌లు వేసుకుని బ్యాకప్ ఉంది కదా అనుకుంటారు. ఫోను ఆగితే మూడూ ఒక్కసారే ఆగిపోతాయి.

## మ్యాపు చెప్పేవి రెండు వేరు సంగతులు

ఫోను మ్యాపు ఒకేసారి రెండు ప్రశ్నలకు జవాబిస్తుంది. నేనెక్కడున్నాను అన్నది ఒకటి, ఎటు నడవాలి అన్నది రెండోది. రెండూ ఒకే తెర మీద కనిపిస్తాయి కాబట్టి రెంటినీ ఒకేలా నమ్మేస్తాం. వాటి వెనక ఉన్న సరంజామా మాత్రం వేరు.

మొదటిదానికి జవాబు ఆకాశం నుంచి వస్తుంది. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలు తమ టైమునూ తామున్న చోటునూ ప్రసారం చేస్తూ ఉంటాయి. కనీసం నాలుగు ఉపగ్రహాల సిగ్నల్ అందితే ఫోను తన చోటు తాను లెక్కకట్టుకుంటుంది. ఇప్పటి ఫోన్లు రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ ఉపగ్రహాలను కూడా వాడుకుంటాయి. ఆరుబయట, పైన ఏ అడ్డూ లేకపోతే తేడా సుమారు 5 మీటర్లు. ఇందులో ఫోను వినడమే తప్ప పంపేది ఏమీ ఉండదు. దానికి ఇంటర్నెట్ అక్కర్లేదు, సిమ్ కార్డు కూడా అక్కర్లేదు. “టవర్ లేదు, ఇక జీపీఎస్ పనిచేయదు” అనేది వట్టి అపోహ. టవర్ లేనప్పుడు రానిది మ్యాపు బొమ్మ. నీలం చుక్క వస్తూనే ఉంటుంది, దాని చుట్టూ ఖాళీ బూడిదరంగు గళ్లు తప్ప ఏమీ ఉండవు.

ఒక్క తిరకాసు ఉంది. ఉపగ్రహం తన వివరాలను సెకనుకు 50 బిట్ల నత్తనడకతో పంపుతుంది. నెట్ ఉంటే ఫోను ఆ వివరాలను నెట్ నుంచి తెచ్చేసుకుని క్షణాల్లో చుక్క చూపిస్తుంది. లేకపోతే ఆకాశం నుంచే వినాలి కాబట్టి అర నిమిషం నుంచి కొన్ని నిమిషాల దాకా పట్టొచ్చు. ఆ కాసేపూ ఆరుబయట నిలబడి ఆగాలి. చుక్క రావట్లేదని ఫోను ఆపి మళ్లీ ఆన్ చేస్తే కథ మొదటికొస్తుంది.

రెండో ప్రశ్నకు, అంటే ఎటు నడవాలి అన్నదానికి, ఉపగ్రహానికి ఏ సంబంధమూ లేదు. ఆ జవాబు ఎవరో గీసిన గీతల నుంచి, ఆ గీతల మీద ఒక ప్రోగ్రామ్ వేసిన లెక్క నుంచి వస్తుంది. గీత తప్పయితే జవాబూ తప్పే. 2021 జులైలో స్కాట్లాండ్‌లో ఇదే జరిగింది. బ్రిటన్‌లోకెల్లా ఎత్తయిన బెన్ నెవిస్ (1,345 మీటర్లు) ఎక్కడానికి గూగుల్ మ్యాప్స్ చూపే దారి ప్రాణాంతకం కావచ్చని జాన్ మ్యూర్ ట్రస్ట్, మౌంటెనీరింగ్ స్కాట్లాండ్ సంస్థలు హెచ్చరించాయి. యాప్ శిఖరానికి దగ్గరగా ఉన్న కార్ పార్కింగ్ దాకా తీసుకెళ్లి, అక్కడి నుంచి పైకి చుక్కల గీత గీసింది. ఆ గీత వెళ్లేది నిట్టనిలువు రాళ్ల మీదుగా. అక్కడ చిక్కుకున్నవాళ్లకు తామెక్కడున్నారో ఫోను సరిగ్గానే చూపిస్తుంది. తప్పు చెప్పింది ఎటు నడవాలన్న సంగతి.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నా లెక్కలో చూడాల్సినవి ఇవి.

ఆగిపోయే తీరు. ప్రతి సాధనమూ ఎప్పుడో ఒకప్పుడు మొరాయిస్తుంది. ఎందుకు మొరాయిస్తుందో ముందే తెలిస్తే, ఆ కారణంతో ఆగనిది ఇంకొకటి పక్కన పెట్టుకోవచ్చు. అన్నిటికంటే ఇది ముఖ్యం.

కాలిబాటలు, ఎత్తుపల్లాలు. నడిచేవాడికి రోడ్డు పేరు కన్నా కాలిబాట ఉందా, వాగు దాటే చోటు ఉందా, ఏటవాలు ఎంత అన్నవి కావాలి. దూరపు కొండలు నునుపు అంటారు. కాంటూర్ గీతలు లేని మ్యాపులో దగ్గరి కొండలూ నునుపే. ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపే ఈ గీతలనే బడి పుస్తకాల్లో సమోన్నత రేఖలని చదివాం. అవి దగ్గర దగ్గరగా ఉంటే ఏటవాలు ఎక్కువ, దూరం దూరంగా ఉంటే చదును.

నెట్ లేకుండా పనిచేయడం. ఇందులో రెండు మెట్లున్నాయి. మ్యాపు బొమ్మ కనిపించడం ఒకటి, ఆ మ్యాపులో నడక దారి వెతికి చూపడం ఇంకొకటి. మొదటిది ఉంటే రెండోదీ ఉన్నట్టు కాదు.

కరెంటు ఖర్చు, వాతావరణం. ఎండలో తెర కనపడదు, వానలో వేలు పట్టదు, చలిలో బ్యాటరీ పడిపోతుంది.

ఇక నేర్చుకోవడానికి ఎంత శ్రమ, ఎంత బరువు అన్నవి. ఇవి ఎవరి ఓపికను బట్టి వాళ్లు చూసుకోవచ్చు.

## ఫోనుతో వచ్చే మ్యాపులు

గూగుల్ మ్యాప్స్, ఆపిల్ మ్యాప్స్ ఊళ్లలో నడవడానికి తిరుగులేనివి. ముఖ్యంగా వెతకడంలో. తప్పు స్పెల్లింగు కొట్టినా సరైన చోటు పట్టుకుంటాయి. ఏ దుకాణం తెరిచి ఉంది, దగ్గర్లో స్టేషన్ ఎక్కడ అన్నవి వీటంత బాగా ఇంకేదీ చెప్పదు.

నెట్ పోయాక తేడాలు బయటపడతాయి. గూగుల్‌లో ఒక ప్రాంతం డౌన్‌లోడ్ చేసుకుంటే ఆఫ్‌లైన్‌లో కారు దారి చెప్తుంది. నడక దారి చెప్పదు. ఇది చాలామందికి దారి మధ్యలోకి వెళ్లాకే తెలుస్తుంది. మ్యాపు కనిపిస్తుంది, చుక్క కనిపిస్తుంది, దారి మాత్రం మీరే చూసుకోవాలి. ఆపిల్ 2023లో ఐఓఎస్ 17తో ఆఫ్‌లైన్ మ్యాపులు తెచ్చింది, అందులో నడక దారులు కూడా ఉన్నాయి. అంటే ఈ ఒక్క విషయంలో ఐఫోన్ వాడేవాళ్లకు కాస్త సుఖం.

వీటిలో ఇంకో లోపం టైము లెక్క. ఇన్ని కిలోమీటర్లకు ఇన్ని నిమిషాలు అని చూపే అంకె, వీపు మీద బరువు లేకుండా చదును నేల మీద ఆగకుండా నడిచే మనిషిది. కొండ దారికి 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ నిలిచి ఉంది: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకూ ఇంకో గంట. పదిహేను కిలోమీటర్లలో 900 మీటర్లు ఎక్కాలంటే మూడు గంటలు కాదు, నాలుగున్నర. అది కూడా విరామం కలపకుండా. నేనైతే ఆ లెక్క మీద ఇంకో పావు వంతు కలుపుకుంటాను.

## ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద నడిచే యాప్‌లు

దూరం నడిచేవాళ్లకు ఒక్క యాపే చెప్పమంటే నేను చెప్పేది ఈ గుంపులోదే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ 2004లో బ్రిటన్‌లో మొదలైంది. ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా సరిదిద్దొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. గీసేవాళ్లలో నడిచేవాళ్లు, సైకిల్ తొక్కేవాళ్లు బాగా ఎక్కువ. అందుకే కాలిబాటలు, మెట్లు, గేట్లు, నీటి కుళాయిలు, కాలినడక వంతెనల్లాంటివి ఇందులో కనిపిస్తాయి. కారు కోసం గీసిన మ్యాపులో వీటికి చోటుండదు.

ఈ సమాచారం మీద నడిచే యాప్‌లలో ఆర్గానిక్ మ్యాప్స్ సులువైనది. ప్రాంతం డౌన్‌లోడ్ చేస్తే చాలు, వెతకడం, నడక దారి, చాలాచోట్ల కాంటూర్ గీతలు అన్నీ నెట్ లేకుండానే వస్తాయి. ఆస్మాండ్ దీనికి పెద్దన్న లాంటిది. చేయలేనిది అంటూ దాదాపు ఏదీ లేదు, కానీ సెట్టింగుల అడవిలో మొదటి రోజే దారి తప్పుతాం. ఆస్మాండ్ కావాలనుకుంటే ప్రయాణానికి వారం ముందే వేసుకోండి.

ఈ మ్యాపు నాణ్యత మాత్రం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఎవరో ఒక ఉత్సాహవంతుడు తిరిగిన చోట ప్రతి బెంచీ ఉంటుంది, ఎవరూ తిరగని చోట ఊరు మొత్తం ఒక్క గీత. చాలా గీతలు ఉపగ్రహ ఫొటోల మీద చూసి గీసినవి. పైనుంచి చూస్తే ఎండిన వాగూ కాలిబాటా ఒకేలా కనిపిస్తాయి. వెళ్లబోయే చోట మ్యాపు ఎంత నమ్మదగిందో తెలియాలంటే, ఆ ప్రాంతాన్ని ఈ యాప్‌లోనూ, ఇంకో మ్యాపు ఉపగ్రహ ఫొటోలోనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెంటిలోనూ కనిపించే బాటనే బాట అనుకోండి. వెతకడంలో కూడా ఇవి కొంచెం మొండివి, పేరు సరిగ్గా కొట్టకపోతే దొరకలేదంటాయి. నేను ముందే ముఖ్యమైన చోట్లన్నిటికీ గుర్తులు పెట్టేసుకుంటాను, దారిలో వెతికే పని పెట్టుకోను.

## ఇంకొకరి అడుగుజాడలు: జీపీఎక్స్ ట్రాకులు

ఆల్‌ట్రెయిల్స్, కోమూట్ లాంటి యాప్‌లలో ఎవరో నడిచి రికార్డు చేసిన దారి దొరుకుతుంది. దాన్ని జీపీఎక్స్ ఫైలుగా తెచ్చుకుని దాదాపు ఏ మ్యాపు యాప్‌లోనైనా, వాచీలోనైనా వేసుకోవచ్చు. 2002 నుంచి ఉన్న ఫార్మాట్ ఇది, అందరికీ అర్థమయ్యే భాష.

దీని బలం ఒక్కటే, కానీ పెద్దది: కంప్యూటర్ ఊహించిన దారి కాదు, మనిషి కాళ్లతో వెళ్లిన దారి. దీని బలహీనతా అదే. ఆ మనిషి తప్పులు కూడా అందులోనే ఉంటాయి. అతను దారి తప్పి వెనక్కి వచ్చిన ముక్క కూడా గీతలో ఉంటుంది. అతను వేసవిలో దాటిన వాగు వానాకాలంలో నడుం లోతు ఉండొచ్చు. ఇంట్లో కూర్చుని మౌసుతో గీసిన ట్రాకులూ ఉంటాయి. మలుపుల్లేకుండా నున్నగా, తిన్నగా సాగే గీత కనిపిస్తే అనుమానించండి. ఒకే దారికి రెండు మూడు ట్రాకులు తెచ్చి ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే అవి కలిసే చోట ధైర్యంగా, విడిపోయే చోట కళ్లు తెరుచుకుని నడవొచ్చు. ఈ యాప్‌లలో చాలావాటికి ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్ కావాలంటే డబ్బు కట్టాలి. బయల్దేరాక కాదు, ముందే చూసుకోండి.

## చేతి వాచీ, చేతిలో పట్టే జీపీఎస్

జీపీఎస్ వాచీ ఉంటే ఫోను జేబులోంచి మాటిమాటికీ తీయక్కర్లేదు. ట్రాకు మీద నుంచి పక్కకు జరిగితే చేతి మీదే వణికి చెప్తుంది. దారి తప్పిన పది నిమిషాలకు కాక అర నిమిషానికే తెలియడం దూరపు నడకలో చాలా విలువైన సంగతి. కానీ అంత చిన్న తెర మీద మ్యాపు చదవడం సూదిలో దారం ఎక్కించడమే. గీత మీద ఉన్నామా లేదా అన్నదానికి వాచీ, చుట్టూ ఏముంది అన్నదానికి ఇంకోటి.

చేతిలో పట్టే జీపీఎస్ పరికరం ఫోను ముందు మోటుగా కనిపిస్తుంది. బటన్లు, మసక తెర. ఆ మోటుతనమే దాని గొప్ప: తడి చేతులతో, గ్లవ్స్‌తో పనిచేస్తుంది, ఎండలో తెర ఇంకా బాగా కనిపిస్తుంది, కొన్నిటిలో బ్యాటరీ సెల్స్ మార్చుకోవచ్చు. రోజుల తరబడి కరెంటు దొరకని చోట్లకు వెళ్లేవాళ్లు తప్ప మిగతావాళ్లు దీనికి డబ్బు పెట్టాల్సిన అవసరం ఇప్పుడు లేదనే నా అభిప్రాయం.

## కాగితం మ్యాపు, దిక్సూచి

పాతకాలం సరుకని నవ్వేవాళ్లున్నారు. నేనూ నవ్వాను, ఒక చలి పొద్దున 40 శాతం బ్యాటరీ చూపిస్తున్న ఫోను చేతిలోనే ఆరిపోయేదాకా. రెండు బాటలు చీలే చోట నిలబడి ఉన్నాను. ముందు రోజు రాత్రి కాగితం మీద పెన్సిల్‌తో గీసుకున్న పిచ్చి బొమ్మే, “వాగు ఎడమ పక్కనే ఉండాలి” అన్న ఒక్క ముక్కే ఆ రోజు నన్ను గట్టెక్కించింది.

కాగితం మ్యాపులో మొదటి సుఖం విస్తారం. ఫోను తెర తలుపు సందులోంచి చూడటం లాంటిది. దగ్గరికి లాగితే చుట్టుపక్కల పోతుంది, దూరంగా నెడితే వివరం పోతుంది. కాగితం మీద రెండూ ఒకేసారి ఉంటాయి. 1:50,000 స్కేలులో రెండు సెంటీమీటర్లు అంటే కిలోమీటరు. 1:25,000లో నాలుగు సెంటీమీటర్లు. రోజు నడక మొత్తం, అది చెడితే పోగల పక్కదారులు, దగ్గరి రోడ్డు ఎటుందో అన్నీ ఒక్క చూపులో.

దిక్సూచి విషయంలో తెలుసుకోవాల్సింది కొంచెమే. సూది చూపే ఉత్తరం, మ్యాపు ఉత్తరం చాలాచోట్ల ఒకటి కావు. ఆ తేడా స్థలాన్ని బట్టి, ఏళ్లను బట్టి మారుతుంది. మంచి మ్యాపు అంచున రాసి ఉంటుంది. ఒక్క డిగ్రీ తప్పితే కిలోమీటరు నడిచేసరికి దాదాపు 17 మీటర్లు పక్కకు జరుగుతాం. ఐదు డిగ్రీలంటే 87 మీటర్లు. అంటే వాగు మీద వంతెన కోసం వెళ్తే అది కనపడకుండా పోవడానికి సరిపోయే తేడా. దీనికి పాత నడకగాళ్ల చిట్కా ఒకటుంది, నాకు భలే ఇష్టం. వంతెనకు గురి పెట్టకండి. కావాలనే దానికి కాస్త ఎడమగా గురి పెట్టండి. వాగు దగ్గరికి చేరాక వంతెన కచ్చితంగా కుడి పక్కనే ఉంటుంది, కుడికి తిరిగితే చాలు. సూటిగా గురి పెట్టి తప్పితే ఎటు తిరగాలో తెలియదు.

కాగితం లోపాలు కూడా చెప్పాలి. నేనెక్కడున్నాను అన్న మొదటి ప్రశ్నకు అది జవాబివ్వదు. మనమే చుట్టూ చూసి తేల్చుకోవాలి. పొగమంచులో, చిక్కటి చెట్ల మధ్య అది కష్టం. పాతబడుతుంది, తడిస్తే ముద్దవుతుంది. ఒక్క రోజులో రాని విద్య. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నట్టు, తెలిసిన చోట సాధన చేశాకే తెలియని చోటికి పట్టుకెళ్లాలి.

నీలం చుక్క వెంట నడిచేవాడికి దారి గుర్తుండదన్నది కూడా వట్టి పాతతరం సణుగుడు కాదు. 2017లో లండన్ పరిశోధకులు 24 మందిని ఆ నగరంలోని సోహో వీధుల సిమ్యులేషన్‌లో తిప్పి మెదడు స్కాన్ చేశారు. సొంతంగా దారి వెతుక్కున్నప్పుడు హిప్పోకాంపస్ అనే భాగం వీధి మలుపుల దగ్గర చురుగ్గా పనిచేసింది. యంత్రం దారి చెప్పినప్పుడు ఆ చురుకు కనపడలేదు. ఫోను ఆరిపోయిన క్షణంలో మనకు కావాల్సింది సరిగ్గా ఆ జ్ఞాపకమే: వచ్చిన దారి.

## దారి గుర్తులు, దారిన పోయేవాళ్లు

పేరున్న నడక దారుల మీద అసలు మ్యాపు తీయకుండానే రోజులు గడపొచ్చు. స్పెయిన్‌లో సాంతియాగో వెళ్లే కామినో దారి పొడవునా పసుపు బాణాలుంటాయి. 1980లలో ఎలియాస్ వాలిన్యా అనే చర్చి ఫాదర్ పెయింటు డబ్బా పట్టుకుని మొదలుపెట్టిన పని అది. అమెరికాలో దాదాపు 3,500 కిలోమీటర్ల అపలాచియన్ ట్రెయిల్‌లో చెట్ల మీద తెల్ల పట్టీలు దారి చెప్తాయి. ఇలాంటి చోట ఫోను పని, గుర్తు కనపడక పది నిమిషాలైనప్పుడు ఒక్కసారి చూసుకోవడమే.

ఇక మనుషులు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. వాగు నిన్న పొంగిందని, వంతెన పడిపోయిందని ఏ యాప్ కన్నా ముందు చెప్పేది అక్కడివాళ్లే. అడిగే తీరు ముఖ్యం. “ఇది ఫలానా చోటికి వెళ్లే దారేనా?” అంటే మొహమాటానికైనా అవునంటారు. “ఫలానా చోటికి ఎటు వెళ్లాలి?” అనండి, చెయ్యెత్తి చూపించక తప్పదు. దూరం అంచనాలు మాత్రం నమ్మకండి. రోజూ నడిచేవాళ్ల “ఇక్కడే” మన రెండు గంటలు.

## ఒక్క చూపులో

| ఏది | నెట్ లేకుండా నడక దారి | కాలిబాటలు, ఎత్తులు | ఎందుకు ఆగిపోతుంది | ఎవరికి |
|---|---|---|---|---|
| గూగుల్ మ్యాప్స్ | చెప్పదు. మ్యాపు, చుక్క ఉంటాయి | బలహీనం | నెట్, బ్యాటరీ | ఊళ్లో నడక |
| ఆపిల్ మ్యాప్స్ | చెప్తుంది | చోటును బట్టి | బ్యాటరీ | ఊళ్లో నడక, ఐఫోన్ ఉంటే |
| ఆర్గానిక్ మ్యాప్స్, ఆస్మాండ్ | చెప్తాయి | బలం, చోటును బట్టి | బ్యాటరీ, తప్పు గీతలు | దాదాపు అందరికీ |
| జీపీఎక్స్ ట్రాకు | గీత ముందే ఉంటుంది | నడిచిన మనిషిని బట్టి | బ్యాటరీ, పాతబడటం | కొండ, అడవి బాటలు |
| జీపీఎస్ వాచీ | ట్రాకు వేసుకుంటే | చిన్న తెర | దాని సొంత బ్యాటరీ | ఎక్కువ నడిచేవాళ్లు |
| కాగితం, దిక్సూచి | మనమే చూసుకోవాలి | బలం | తడి, గాలి, చదవడం రాకపోవడం | రోడ్డుకు దూరంగా వెళ్లే అందరూ |
| గుర్తులు, మనుషులు | వర్తించదు | తాజా కబురు | ఎవరూ లేని చోటు | పేరున్న దారులు, ఊళ్ల మధ్య |

నాలుగో నిలువు వరుసే అసలు సంగతి. అందులో ఒకే కారణం ఉన్న రెండింటిని జత చేస్తే జత చేసినట్టు కాదు.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

నగరంలో రోజంతా తిరిగేవాళ్లు. ఫోనుతో వచ్చే మ్యాపే చాలు. అక్కడ సమస్య నెట్ కాదు, ఎత్తయిన భవనాలు. ఉపగ్రహ సిగ్నల్ గోడలకు తగిలి తిరిగొచ్చి చుక్కను పక్క వీధిలోకి నెట్టేస్తుంది. చుక్కను కాక వీధి బోర్డును నమ్మండి.

ఊళ్ల మీదుగా రోజుల తరబడి నడిచేవాళ్లు. రోడ్డు వెంట నడిచేటప్పుడు యాప్ చూపే దగ్గరి దారి ఫుట్‌పాత్ లేని హైవే కావచ్చు. ముందు రోజు రాత్రి ఉపగ్రహ ఫొటోలో చూసి సమాంతరంగా వెళ్లే చిన్న రోడ్డు ఏదైనా ఉందేమో వెతకండి. రెండు కిలోమీటర్లు ఎక్కువైనా అదే మేలు. ఆర్గానిక్ మ్యాప్స్, ఒక పవర్ బ్యాంకు, జేబులో వరుసగా ఊళ్ల పేర్లు, మధ్య దూరాలు రాసుకున్న చీటీ. ఆ చీటీని తక్కువ అంచనా వేయకండి. ఫోను ఆగినా పేర్లుంటే అడుగుతూ వెళ్లిపోవచ్చు.

కొండలు, అడవులు. ఇక్కడ నేను రాజీపడను. ఆఫ్‌లైన్ యాప్‌లో ట్రాకు, కాగితం మ్యాపు, దిక్సూచి. ఒంటరిగా వెళ్తే ఉపగ్రహం ద్వారా కబురు పంపగల సాధనం కూడా. 2022లో ఐఫోన్ 14తో కొన్ని దేశాల్లో మొదలైన ఉపగ్రహ ఎస్ఓఎస్ ఇలాంటిదే. మీరు వెళ్లే చోట అది పనిచేస్తుందో లేదో ముందే చూసుకోవాలి. సాయం అడిగేటప్పుడు అక్షాంశ రేఖాంశాలు దశాంశ బిందువు తర్వాత కనీసం నాలుగు అంకెలతో చెప్పండి. నాలుగు అంకెలుంటే తేడా సుమారు 11 మీటర్లలోపే. రెండంకెలతో ఆపేస్తే కిలోమీటరు దాకా వెతుక్కోవాలి.

పదిమందిని వెంటేసుకుని వెళ్లేవాళ్లు. అందరి ఫోన్లలో ఒకే మ్యాపు, ఒకే ట్రాకు వేయించండి. దారి చూసే పని మాత్రం ఇద్దరికే ఇవ్వండి, మూడో ఫోను స్విచాఫ్ చేసి సంచిలో ఉంచండి. పదిమందీ తెరలు చూస్తూ నడిస్తే చీలిక దగ్గర నాలుగు అభిప్రాయాలు వస్తాయి.

ఫోనంటే టెన్షన్ పడేవాళ్లు. పెద్దవాళ్లే కానక్కర్లేదు. గుర్తులున్న దారి ఎంచుకోండి, ఫోనులో నేర్చుకోవాల్సింది ఒక్కటే: నేనెక్కడున్నానో ఇంకొకరికి పంపడం.

## బ్యాటరీ, చుక్క: కొన్ని మెలకువలు

బ్యాటరీని ఎక్కువగా తినేది తెర. రెండో స్థానం టవర్ కోసం వెతుకులాటది. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న చోట ఫోను దాన్ని పట్టుకోవడానికి ఆయాసపడుతూనే ఉంటుంది. ఏరోప్లేన్ మోడ్ పెట్టేస్తే ఇప్పటి ఫోన్లలో జీపీఎస్ ఆగదు, ఆ ఆయాసం మాత్రం ఆగుతుంది. చీలిక వచ్చినప్పుడే తెర తీయండి.

పవర్ బ్యాంకు మీద 10,000 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అంతా ఫోనుకు చేరదు. ఆ అంకె లోపలి సెల్ 3.7 వోల్టుల లెక్క. 5 వోల్టులకు మార్చడంలో, వేడిలో కొంత పోతుంది. 5,000 ఎంఏహెచ్ ఫోనును రెండుసార్లు నింపుతుందనుకుంటే నిరాశే. చలిలో ఫోనును ఒంటికి దగ్గరగా, లోపలి జేబులో ఉంచండి. మండుటెండలో చేత్తో పట్టుకుని నడిస్తే వేడెక్కి తెర తనంతట తానే మసకబారుతుంది. అసలే ఎండలో కనపడదు, గోరుచుట్టు మీద రోకలిపోటు.

చుక్క చుట్టూ లేత నీలం వలయం కనిపిస్తే దాని అర్థం, ఈ వలయంలో ఎక్కడైనా ఉండొచ్చని. రెండు బాటలు ఇరవై మీటర్ల దూరంలో చీలుతుంటే నిలబడి చుక్కను చూస్తే తేలదు. ఒక బాటలో యాభై అరవై అడుగులు కాదు, నూట యాభై అడుగులు వేసి చూడండి. చుక్క ఏ గీత వెంట జరుగుతోందో అప్పుడు తెలుస్తుంది. నిలబడి ఉన్నప్పుడు మనం ఎటు తిరిగి ఉన్నామో చూపేది జీపీఎస్ కాదు, ఫోనులోని చిన్న అయస్కాంత సెన్సరు. అయస్కాంతం ఉన్న కవరు వేస్తే అది పిచ్చి దిక్కులు చూపుతుంది. ఫోనును గాలిలో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది.

ఇంకా బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఇంట్లోనే ఏరోప్లేన్ మోడ్ పెట్టి, వైఫై కూడా ఆపేసి, యాప్ తెరిచి రేపటి నడకకు దారి అడగండి. మొదటి నుంచి చివరిదాకా దారంతా దగ్గరికి లాగి చూడండి. ఎక్కడ బూడిదరంగు గళ్లు కనిపిస్తే అక్కడి మ్యాపు ఇంకా దిగలేదన్నమాట. వైఫై మళ్లీ ఆన్ చేసి దింపుకోవడానికి రాత్రంతా ఉంది.